ఖేడాకు అందని కబురు

ఆస్ట్రేలియాలో ఇప్పుడు నేనుంటున్న పెండిల్ హిల్‌లో మా వీధి చివరి పంజాబీ మిఠాయి కొట్టులో, చలి మొదలవగానే గోధుమపిండిని నేతిలో ఎర్రగా వేయించి బెల్లంతో ఉండలు చుడతారు. కరివేపాకు కోసం బయల్దేరిన నేను ఆ వాసన తగలగానే కొట్టు ముందు ఆగిపోతాను. చిన్నప్పుడు మేమున్న ఊరు వెర్రిబీలో మా పక్కింటి గరాజూ, అందులో నవారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని బఠానీలు ఒలుస్తున్న బీబీ గుర్తొస్తారు.

నేను నరసాపురంలో ఎనిమిదో తరగతి సగంలో ఉండగా అమ్మకి వెర్రిబీ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. నాన్న వీసా వచ్చేదాకా ఇంట్లో అమ్మా నేనే. అమ్మ షిఫ్టులో ఉంటే బడి నుంచి నేరుగా పక్కింటికి వెళ్ళేదాన్ని. ఆ ఇంటి పెయింటర్ అంకుల్ వాళ్ళమ్మే బీబీ. ఆవిడది పంజాబీ, నాది బళ్ళో నేర్చిన హిందీ. రెండూ కలిపి ఎలాగో నెట్టుకొస్తూ మాట్లాడుకునేవాళ్ళం. నెయ్యీ పంచదారా రాసి చుట్టిన రొట్టె చేతిలో పెట్టి, అది అయ్యేదాకా నోరెత్తనిచ్చేది కాదు. అవతల కాలీఫ్లవర్ పొలాలు, ఇవతల సగం కట్టిన ఇళ్ళు, ఎండాకాలం దుమ్ము, చలికాలం ఎముకలు కొరికే గాలి. సాయంత్రాలు పిల్లలం ఆ సగం ఇళ్ళ కొయ్య చట్రాల మధ్య దాగుడుమూతలాడుతుంటే గోడల్లేని గదుల్లో గాలి ఈలలు వేసేది.

బీబీకి ఆ కొత్త ఇళ్ళ ఎస్టేట్ నచ్చలేదు. "ఇక్కడ ముందు ఏ ఊరుండేది?" అని వీధిలో కనబడినవాళ్ళనల్లా అడిగేది. ఎవరికీ తెలియదు. చివరికి మూలనున్న ఖాళీ స్థలంలో నాలుగు ఇటుకలు పేర్చి, రోజూ పొద్దుగూకే వేళకి అక్కడ దీపం పెట్టడం మొదలుపెట్టింది. అది ఖేడా అట. మన ఊళ్ళలో బొడ్రాయి లాంటిది, విగ్రహం ఉండదు. కొత్త కోడలు వస్తే దానికే మొదట మొక్కాలి, ఊరు విడిచి వెళ్ళేవాళ్ళు ఎక్కడికి వెళ్తున్నారో దానికి చెప్పి కదలాలి. గాలికి దీపం ఆరకుండా రేకు అడ్డం పట్టుకోవడం నా పని. మాది చర్చికి వెళ్ళే కుటుంబం, అమ్మ ఏమంటుందోనని హడలిపోయాను.

"నువ్వు దణ్ణం పెట్టకు. రేకు పట్టుకుంటే పట్టుకో, పెద్దావిడ, చేతులు వణుకుతాయి. మళ్ళీ ఆ పక్క చట్రాల్లోకి దూరావంటే మాత్రం ఊరుకోను, మేకులుంటాయక్కడ," అంది అమ్మ, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ.

నా భయం మేకుల గురించి కాదు. చీకటి పడుతుంటే వెనక చట్రాలు కిర్రుమనేవి. "భయపడకు పుత్తర్, చూడ్డానికి వస్తారంతే," అనేది బీబీ. ఎవరని అడిగితే, "ముందున్నవాళ్ళు," అని ఒత్తి సర్దుకునేది.

మరుసటేడు జాగ్రఫీ టీచర్ ప్రణాళిక వేసి కట్టిన నగరం గురించి రాసుకు రమ్మంది. క్లాసంతా కాన్‌బెర్రా మీద పడింది. బీబీది చండీగఢ్ అని వాళ్ళబ్బాయి అనగా విన్నాను కనుక నేను చండీగఢ్ పటం చార్టు మీద అంటించి, గొప్పగా తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పరిచాను. అంతా గళ్ళు, గళ్ళకి నంబర్లు. బీబీ తన ఊరి పేరు కోసం వెతికింది. లేదు. "కొండలెటు?" అంది. చూపించాను. "మా వాగు?" దానికి కట్ట వేసి సరస్సు చేశారని నా చార్టులోనే ఉంది. కొండల నుంచి ఒక వేలు, వాగు నుంచి ఒక వేలు జరుపుకుంటూ వచ్చి రెండు గళ్ళ మధ్య రోడ్డు మీద ఆపింది.

"ఖేడా ఇక్కడ."

దేశం చీలి లాహోర్ అవతలికి పోయాక పంజాబ్‌కి కొత్త రాజధాని కావలసివచ్చింది. ఎవరో దొరలు కాగితం మీద గీతలు గీశారు. ఆ గీతల కింద బీబీ వాళ్ళ ఊరుంది. ఊరు ఖాళీ చేసి ఎడ్లబళ్ళు కట్టుకోమన్నారు గానీ ఎక్కడ భూమి ఇస్తారో చెప్పలేదు. "మా అమ్మ దీపం పట్టుకుని ఖేడా ముందు నిలబడిపోయింది. ఎక్కడికెళ్తున్నామో మాకే తెలీదు, ఏమని చెప్తుంది? చెప్పకుండానే బండెక్కింది. మా తమ్ముడు జ్వరంతో పోయినా, గేదె చచ్చినా, ఖేడా మనల్ని వెతుక్కుంటోందని ఏడ్చేది."

ఒక్కసారి వెళ్ళి ఖేడాకి చెప్పి రావాలన్నదే బీబీ కోరిక. గుండె బాగాలేదు, విమానం ఎక్కొద్దన్నాడు డాక్టర్. జాలేసి, "నేను పెద్దయ్యాక వెళ్ళి చెప్తాలే," అన్నాను. ఆవిడ అది పిల్లమాట అనుకోలేదు. దీపం పెట్టిన ప్రతిసారీ ఎక్కాలు అప్పజెప్పించినట్టు నాతో అప్పజెప్పించేది: ఫలానా ఇంటివాళ్ళ పిల్లలు, క్షేమంగా ఉన్నారు, ఆస్ట్రేలియాలో ఉన్నారు, తర్వాత వీధి పేరు, ఇంటి నంబరు. నాకు నవ్వొచ్చేది. ఆవిడ నవ్వేది కాదు.

నేను ఎక్కడో దూరాన టూవూంబాలో యూనివర్సిటీలో చదువుతుండగా, సరిగ్గా పరీక్షలప్పుడు, బీబీ పోయింది. వెళ్ళలేకపోయాను. సెలవులకి ఇంటికి చేరేసరికి పక్కింటి కిటికీలకి కర్టెన్లు లేవు. "అమ్మేసుకుని వెళ్ళిపోయారే. ఎక్కడికో మాటమాత్రం చెప్పలేదు. ఫోన్ చేస్తే నంబర్ లేదంటోంది. ఎదురింటి ఆంటీకి కూడా తెలీదంట," అంది అమ్మ. ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ వినిపించింది. మూల స్థలంలో అప్పటికే రెండు కార్ల గరాజుతో ఇల్లు లేచింది. ఇటుకలు ఏ చెత్తలో పోయాయో.

ఇప్పుడు వెర్రిబీలో ఆ వీధిలో మాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కాలీఫ్లవర్ పొలాల వైపు కూడా ఇళ్ళు పాకుతున్నాయట. వచ్చే నెల మా ఆయన స్నేహితుడి ఇంట్లో పెళ్ళికి ఢిల్లీ వెళ్తున్నాం, అక్కణ్ణుంచి చండీగఢ్ ఒక పూట ప్రయాణం. ఆ రెండు గళ్ళ మధ్య రోడ్డు నాకు తెలుసు. రోజూ గిన్నెలు కడుగుతూ అప్పజెప్పుకుంటున్నాను. ఫలానా ఇంటివాళ్ళ పిల్లలు, క్షేమంగా ఉన్నారు, అన్నదాకా వచ్చి ఆగిపోతాను. వాళ్ళిప్పుడెక్కడున్నారో నాకు తెలియదు.