అమ్మ ఏరిచ్చిన పురుగులు

నాకు చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. తాడు కనిపిస్తే పామనుకునే రకం. అలాంటిదాన్ని బీఎస్సీలో చేర్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. మొదటిరోజు ఉల్లిపొరకు బదులు నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. స్లైడును కుడికి జరిపితే బొమ్మ ఎడమకు పోయేది. మెల్లగా చెయ్యి కుదిరింది. బుగ్గ లోపల గీకి తీసిన కణాలకు రంగు వేసి చూస్తే, ఒక్కోదాని నడుమ కేంద్రకం నీలంచుక్కలా తేలింది. ఇన్నాళ్ళూ ఇవి నా నోట్లోనే ఉన్నాయా అని ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మా ఊరు కోలారు జిల్లాలో, క్యాసంబళ్ళి పక్కన. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతాం. పురుగు పొర విడిచే ముందు మేత మానేసి కదలకుండా పడి ఉంటుంది. దాన్ని మావైపు జ్వరం అంటారు. నేను రెండో ఏడాది చదువుతుండగా, మూడో జ్వరం నుంచి లేచిన పురుగులు సమంగా లేవని అమ్మ కనిపెట్టింది. లావువాటి పక్కనే చిన్నవి, ఆకు ముట్టకుండా పడి ఉన్నాయి. అలాంటివాటిని ఏరి వాకిలి పక్క తట్టలో వేసింది. నాన్న తలుపుకు కొత్త వేపమండలు కట్టి, కాళ్ళు కడుక్కోనిదే నన్ను కూడా లోపలికి రానివ్వలేదు.

ఇద్దరూ దేనికి భయపడుతున్నారో నాకు తెలుసు. ఆ జబ్బు పేరు పెబ్రిన్. పురుగుల గదిలో మేం ఆ పేరు పలకం. అది సోకిన పురుగుకు మందు లేదు. గూడు కట్టేదాకా ఆగకుండా పంటంతా తగలబెట్టాలి. లేదంటే పక్కిళ్ళకు పాకుతుంది, మన గోడల్లోనే దాక్కుని వచ్చే పంటనూ పట్టుకుంటుంది. అలాగని ఉత్త అనుమానం మీద బతికున్న పంటకు ఎవరు నిప్పు పెడతారు?

"మీ కాలేజీలో ఆ మిషను ఉండాది గదమ్మా. ఒకసారి చూసుకోని రా," అన్నాడు నాన్న ఒక సాయంత్రం, నా ముఖం చూడకుండా.

నాకు చేతకాదని చెబుదామనుకున్నాను. అయినా మాకు కణశాస్త్రం చెప్పే మేడమ్‌ను అడిగితే తీసుకురమ్మంది.

మర్నాడు అమ్మ మూతకు చిల్లులు పెట్టిన డబ్బాలో లేత ఆకు పరిచి, పురుగులు వేసి ఇచ్చింది. కాలేజీకి పోయే కేజీఎఫ్ బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పాత బంగారు గనుల సైనైడ్ దిబ్బల మీది నుంచి తెల్లదుమ్ము లేస్తుంటే కిటికీ మూసి, డబ్బా మీద చున్నీ కప్పాను. నూరి చంపడానికి తీసుకుపోతున్న పురుగులకు దుమ్ము తగలకూడదని నా ఆరాటం.

ఒక్కో పురుగునూ చిన్న కల్వంలో పొటాష్ నీళ్ళతో నూరి, చుక్క తీసి స్లైడు మీద పెట్టాను. కంటికి మొదట తగిలింది ఒక మెరిసే గుండ్రటి వస్తువు. దొరికిందనుకుని మేడమ్ను పిలిచాను.

"అది గాలిబుడగ. చుట్టూ నల్లటి అంచు ఉంది చూడు," అంది మేడమ్. "మనం వెతికేది కోలగా, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది."

స్లైడు ఒక మూల నుంచి ఇంకో మూలకు దున్నినట్టు వెతికాను. కోలగా ఉన్నది ఒక్కటీ కనిపించలేదు. డబ్బాలో పురుగులన్నీ అయ్యేసరికి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. నాన్నకు ఫోన్ చేయబోతుంటే మేడమ్ ఆపింది.

"వీటిని ఎవరు ఏరారు?"

"మా అమ్మ."

"ఎలా ఏరింది?"

నాకు తెలియదు. అమ్మకే ఫోన్ చేశాను.

"ఇంగెట్ల ఏరతారు? లావుగా, తెల్లగా ఉండేవి చూసి ఏసినాను," అంది అమ్మ. "మీ మేడమ్ చూసేదానికి సోలిపోయినేవి పంపిస్తే మన గురించి ఏమనుకుంటాది?"

మా ఇంట్లో అంతే. మామిడికాయలైనా, పాలైనా, గడప దాటి ఇంకొకరి చేతికి పోయేది మంచిదే అయ్యుండాలి. మచ్చకాయలు మేం తింటాం. నా సంతోషమంతా నీరుకారిపోయింది. కోలారు మార్కెట్లో టమాటా పెట్టెను పైవరస చూసి కొనకూడదని మేడమ్ శాంపిల్ పాఠంలో చెప్పినప్పుడు నేనూ నవ్వాను. పరీక్షలో చక్కగా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆ సాయంత్రం తట్టలన్నిటికీ నంబర్లు వేశాను. వాకిలి పక్కదానికి కూడా వేస్తుంటే అమ్మ చూసింది.

"దానికెందుకమ్మా?"

"దానికీ కావల్లమ్మా. ఏది రావల్లో మన చెయ్యి తేల్చకూడదంట."

ఆ నంబర్ల చీటీలు చెంబులో వేసి నాన్న ముందు పెట్టాను. ఆయన దేవుణ్ణి తలుచుకుని ఒక్కొక్కటే తీశాడు. వచ్చిన ప్రతి తట్టలోంచీ చూడకుండా పురుగుల్ని తీశాను. చీటీల్లో వాకిలి పక్క తట్టా వచ్చింది, కిటికీ దగ్గరి మంచి తట్టా వచ్చింది.

మర్నాడు వాకిలి తట్ట పురుగుతోనే మొదలుపెట్టాను. ఈసారి వెతకాల్సిన పని లేకపోయింది. అద్దం నిండా కోలగా, తళతళలాడే గింజలు. అన్నీ ఉన్నచోటే వణుకుతున్నాయి. నా చెయ్యే వణుకుతోందేమోనని బల్ల మీది నుంచి చేతులు తీసేశాను. అయినా అవి వణకడం మానలేదు. కిటికీ తట్టలోని ఒక నవనవలాడే పురుగులోనూ అవే కనిపించాయి. మేడమ్ కూడా చూసి నా భుజం మీద చెయ్యి వేసింది. మైక్రోస్కోపు కంటికి ఫోన్ ఆనించి ఫొటో తీసుకున్నాను. బస్సులో దాన్ని మళ్ళీ తెరిచి చూసే ధైర్యం చాలలేదు.

ఇంటి బయటే ఇద్దరికీ చూపించాను.

"ఇంత నీటుగా ఉండాయే," అంది అమ్మ. "నేను సరిగ్గా చూసుకోలేదా?" అని అడిగింది.

"నీ తప్పు గాదమ్మా. తల్లిపురుగు నుంచే గుడ్డులోకి వచ్చుంటాది."

నాన్న కిరసనాయిలు డబ్బా కోసం లేచాడు. మల్బరీ తోట చివర గుంట తవ్వాడు. అమ్మ తట్టలు మోసుకొచ్చింది. లోపల పురుగులు ఇంకా ఆకు తింటూనే ఉన్నాయి. నాకు వాటికంటే అమ్మను చూస్తేనే భయమేసింది. ఆమె ఏడవలేదు.

పొగ లేచేసరికి పక్కింటి అత్త పరుగున వచ్చింది. మా గుడ్లూ వాళ్ళ గుడ్లూ ఒకే చోట, ఒకే రోజు తెచ్చినవి. ఆమె చేతిలో స్టీలు డబ్బా ఉంది.

"మాయి గూడా చూసి చెప్పమ్మా," అంటూ నా ముందు మూత తీసింది. లావుగా, తెల్లగా, అన్నీ ఒక్క సమంగా ఉన్నాయి. "మంచివే ఏరుకోని వచ్చినాను."

పొగకు కళ్ళెర్రబడ్డ అమ్మ వచ్చి ఆ డబ్బాకు మెల్లగా మూత పెట్టింది.

"ఇవి గాదు వదినా. వాకిలి కాడ ఒక తట్ట పెట్టుకోనుంటావే, దాంట్లోవి గూడా తీసుకురా."

అత్త డబ్బాను పొట్టకు అదుముకుని మంట వైపు చూస్తూ నిలబడింది. తమ ఇంట్లో అలాంటి తట్ట లేదని మాత్రం అనలేదు.