చమేలి మెడలో దండ

1964లో నేను నాంపల్లి స్టేషనుకు దగ్గర్లోనే ఉన్న ఒక పశువుల దవాఖానలో డాక్టరుగా పనిచేసేవాణ్ణి. రెండు రాష్ట్రాలూ కలిశాక గుడివాడ వైపు నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళలో నేనొకణ్ణి. అక్కడ నా దగ్గరికి వచ్చేవి గేదెలూ, ఎడ్లూ. ఇక్కడికొచ్చి చూస్తే వరండా ముందు గుర్రాలు నిలబడి ఉన్నాయి. రైలు దిగినవాళ్ళు చాలామంది ఇంకా టాంగా ఎక్కే రోజులవి. గుర్రం గురించి కాలేజీలో బోలెడు చదివాను గానీ, దాని వెనక్కాళ్ళకి ఎంత ఎడంగా నిలబడాలో మాత్రం నాంపల్లిలోనే నేర్చుకున్నాను. ఆ పాఠం తాలూకు గుర్తు నా ఎడమ తొడ మీద ఇప్పటికీ ఉంది.

గుర్రాన్ని చూసే డాక్టరుకి మందులకంటే ముందు మొక్కలు తెలియాలి. ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదు. దాని గొంతు నిర్మాణం అలాంటిది. ఒకసారి మింగిందంటే మంచైనా చెడైనా ముందుకు పోవలసిందే. పల్లెలో అయితే గుర్రం పచ్చిక మీద తిరిగి, వాసన చూసి, అక్కర్లేనిది వదిలేస్తుంది. నగరంలో దానికి ఆ వీలెక్కడిది? మూసీ ఒడ్డునా, పెద్ద బంగళాల ఆవరణల్లోనూ ఎవరో కోసి తెచ్చిన గడ్డిమోపే దాని పచ్చిక. అందులో ఉమ్మెత్త కలిసి రావచ్చు, ఆముదం రావచ్చు, గురివింద తీగ రావచ్చు. అందుకని గుర్రానికి బాగాలేదంటే నేను ముందు మోపు విప్పించి, గోనెపట్టా మీద పరిచి, పరకపరకా వేరుచేసి చూసేవాణ్ణి. దవాఖానలో నా వెనకాల నన్ను ‘గడ్డి డాక్టర్’ అనేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత్తర్వాత అదో బిరుదులాగే అనిపించింది.

రాజలింగం స్టేషను ముందు టాంగా తోలేవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో అతను మాట్లాడటానికి మిగిలింది చమేలి ఒక్కటే. తెల్లటి ఆడగుర్రం, చెవుల కొసలు మాత్రం గోధుమరంగు. మా ఆవిడ సుభద్ర చాదర్‌ఘాట్‌లో ఒక ఆడపిల్లల బడిలో టీచరు. రోజూ అబిడ్స్ వెనక మా ఇంటి నుంచి బడికి రాజలింగం టాంగాలోనే వెళ్ళేది. ఆవిడ దాన్ని జట్కా అనేది, అతను టాంగా అనేవాడు, ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు దిద్దుకుంటూ చాదర్‌ఘాట్ చేరేవాళ్ళు. దిగాక కొంగున కట్టిన బెల్లంముక్క తీసి చమేలి నోట్లో పెట్టందే బడిలోకి అడుగుపెట్టేది కాదు. ఇంట్లో నాతో ఎంత మాట్లాడిందో నాకు గుర్తులేదు గానీ, ఆ గుర్రంతో మాత్రం చాలా మాట్లాడేది.

సుభద్రకి ఇంకో పట్టింపు ఉండేది. పూలు కట్టడానికి సూదీ దారం ముట్టేది కాదు. గుడివాడ వెళ్ళినప్పుడల్లా ఎండిన అరటినార చుట్టలు చుట్టి ట్రంకుపెట్టెలో వేసుకొచ్చేది. ఇది తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. నార ముడి పువ్వుని నొప్పించదని ఆవిడ సమాధానం.

ఆ ఏడాది దసరాకి నేను ఊళ్ళో లేను. పశువులకి టీకాలు వేసే పని మీద జిల్లాలో క్యాంపులో ఉన్నాను. తిరిగొచ్చిన కొద్ది రోజులకే ఒక పొద్దున దవాఖానలో అడుగుపెట్టగానే కబురు అందింది, చమేలికి బాగాలేదని. బడికి సెలవులు కావడంతో సుభద్ర ఇంట్లోనే ఉంది. ఆవిడకి చెప్పకుండా సంచీ పట్టుకుని స్టేషను వెనక బస్తీకి వెళ్ళాను.

రాజలింగం కళ్ళెం పట్టుకుని చమేలిని వాకిట్లో గుండ్రంగా తిప్పుతున్నాడు. దాని తల వేలాడుతోంది, మెడ చెమటతో తడిసిపోయింది. అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. పక్కనే నడుము మీద చెయ్యి పెట్టుకుని ఈరమ్మ నిలబడి ఉంది. రోజూ అతనికి గడ్డి తెచ్చేది ఈరమ్మే.

“చూడున్రి డాక్టర్‌సాబ్, ఈమె తెచ్చిన గడ్డి తినే గిట్లయింది. ఏం కోసుకొచ్చిందో ఏమో!” అన్నాడు రాజలింగం.

“నా గడ్డి ఏం జేసింది సారూ? గదే గడ్డి ఇంకో టాంగాకు గూడ ఇచ్చిన. గా గుర్రం మంచిగనే ఉన్నది. నీ గుర్రానికి ఏమైందో నాకేం ఎర్క?” అంది ఈరమ్మ.

“కడుపుల నొస్తుంది సార్ దానికి. పొద్దుగాల సంది నడిపిస్తనే ఉన్న.”

గుర్రానికి కడుపునొప్పి వస్తే మేము ‘కోలిక్’ అంటాం. టాంగావాళ్ళ వైద్యం నడిపించడం. చాలాసార్లు అది సరైన వైద్యమే. నడిస్తే గాలి కదులుతుంది, గుర్రం కిందపడి దొర్లకుండా ఉంటుంది. నేను స్టెతస్కోప్ తీసి చమేలి ఎడమ మోచేతి వెనక ఆనించాను. గుండె రెండు దెబ్బలు కొట్టి ఒకటి మింగేస్తోంది. కాసేపు పరిగెడుతోంది, ఉన్నట్టుండి నిలబడిపోతోంది. దవడ కింద నాడి పట్టుకున్నా అదే తీరు. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. కడుపునొప్పికి గుండె వేగంగా కొట్టుకోవచ్చు గానీ, ఇలా తాళం తప్పదు.

“ఆపు రాజలింగం. ఇక ఒక్క అడుగు వేయించకు” అన్నాను.

అతను ఆపలేదు. “నడవకుంటె పేగు మెలిపడతది సార్. మా నాయిన గిట్లనే నడిపించి గుర్రాలను బతికించిండు.”

“గుండె బాగాలేదయ్యా. నడిపిస్తే పడిపోతుంది.”

“గుండెకేమైంది? నిన్నటిదాంక మంచిగ ఉరికింది గద!”

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే కళ్ళెం వదలడు. అతన్ని తప్పుపట్టలేను. ఉన్న ఒక్క ప్రాణాన్నీ నా మాట మీద నిలబెట్టమంటే ఎవరు నిలబెడతారు? కాసేపు నా మాట మీద గౌరవం కొద్దీ నిలిపాడు గానీ, కళ్ళు మాత్రం చమేలి కాళ్ళ మీదే ఉన్నాయి.

నేను మోపు విప్పించాను. గోనెపట్టా మీద పరిచి, ఈరమ్మా నేనూ చెరో పక్కన కూర్చుని వేరుచేశాం. గరిక, తుంగ, కాస్త చెంగలిగడ్డి, ఎక్కడో ఒక చిక్కుడు తీగ. గుర్రానికి చెరుపు చేసేది ఒక్క ఆకు లేదు. “చూసినవా?” అన్నట్టు ఈరమ్మ రాజలింగం వైపు చూసింది.

గడ్డిలో లేదంటే దాణాలో ఉండాలి, లేదా గాటిలో ఉండాలి. గాటిపాకలోకి వెళ్ళి, చమేలి మేత తినే తొట్టిలో చెయ్యి పెట్టి అడుగునున్నదంతా పైకి తీశాను. ఊక, ఎండిన బంతిరేకలు, కొన్ని ఆకుముక్కలు. వాటిలో ఒక ఆకు మాత్రం సగానికి పైగా మిగిలి ఉంది. గుమ్మం దగ్గర వెలుగులో పట్టి చూశాను. సన్నగా, పొడుగ్గా, ఎండినా బిరుసుగా ఉంది. మధ్య ఈనె నుంచి అటూ ఇటూ సన్నటి ఈనెలు దువ్వెన పళ్ళలా తిన్నగా, దగ్గర దగ్గరగా అంచుదాకా పోతున్నాయి. మామిడాకు ఈనెలు ఎడంగా ఉండి వంపు తిరుగుతాయి, నలిపితే వాసన వేస్తుంది. దీనికి ఆ వాసన లేదు. ఇది ఎర్రగన్నేరు. గుర్రానికి గుప్పెడు ఆకులు కూడా ఎక్కువే.

తలెత్తి చూస్తే తొట్టికి సరిగ్గా పైన గోడకి కొట్టిన గూటానికి సగం దండ వేలాడుతోంది. కింది సగం లేదు.

“ఇదేంటి?”

“దసరాకు చమేలికి ఏసిన దండ సార్. పూజ జేసిన దండ కాళ్ళ కింద పడొద్దని గూటానికి తగిలిచ్చిన. చాదర్‌ఘాట్ దిక్కు పోయినప్పుడు మూసీల కలుపుదామనుకున్న.”

“ఇవి ఏం ఆకులనుకుంటున్నావు?”

“మామిడాకులే గద?”

“గన్నేరు. పచ్చిగా ఉంటే చేదుకి గుర్రం మూతి కూడా పెట్టదు. ఎండితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం తగ్గదు. మెడ చాచి లాక్కుని తినేసింది. గుండె మీద పనిచేస్తుంది ఇది. అందుకే నడిపించొద్దంటున్నాను.”

రాజలింగం కళ్ళెం వదిలేసి రెండు చేతులతో చమేలి మెడ పట్టుకున్నాడు, అదెక్కడికో వెళ్ళిపోతున్నట్టు.

“ఈ దండ ఎవరిచ్చారు?” అని అడిగాను.

అతను దండ వంక చూశాడు, నా వంక చూశాడు. “గుడికాడ ఇచ్చిన్రు సార్.”

“ఏ గుడి?”

“గదే... గాడ ఉంటది గద, గుడి.”

“ఏ గుడి?” అని ఈరమ్మ అందుకుంది. “గా దినం అమ్మగారే గద...”

“నువ్వు జర ఊకో ఈరమ్మా!” అని గసిరాడు రాజలింగం.

అప్పుడు దండ చేతిలోకి తీసుకుని ముడి చూశాను. అరటినార. నాంపల్లి, అబిడ్స్ మొత్తం గాలించినా అరటినారతో దండ కట్టే మనిషి నాకు తెలిసి ఒక్కతే. మా పెరటి గోడ పక్కన ఇంటి యజమానులు పెంచుకునే ఎర్రగన్నేరు చెట్టు కళ్ళముందు కదిలింది. దండ మడిచి సంచీలో పెట్టుకున్నాను.

ఈరమ్మను దవాఖానకి పంపి కాంపౌండర్ని పిలిపించాను. ముక్కులోంచి కడుపుదాకా ‘స్టమక్ ట్యూబ్’ అనే రబ్బరు గొట్టం వేసి, నీళ్ళలో కలిపిన బొగ్గుపొడి పోశాం. విషం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్ళకుండా బొగ్గు దాన్ని పట్టుకుంటుంది. గుండె మరీ నెమ్మదించినప్పుడు ఎట్రోపిన్ సూది వేశాను. ఆ పైన చేయగలిగింది ఒక్కటే, గుర్రాన్ని కదలనివ్వకపోవడం. రాజలింగం దాని తల భుజం మీద ఆనించుకుని నిలబడ్డాడు. ఎవరైనా వాకిట్లోకి గట్టిగా అడుగు వేస్తే చాలు, కళ్ళెర్రజేసేవాడు.

సుభద్రతో ఎలా చెప్పాలా అని నేను మాటలు కూర్చుకుంటూ ఉండగానే ఆవిడే రిక్షా దిగింది. దవాఖానకని వెళ్ళిన ఈరమ్మ అటు నుంచి అటే మా ఇంటికి కూడా వెళ్ళొచ్చిందన్నమాట.

“ఏవండీ, నేను కట్టిన దండేనా?”

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. ఆవిడ ముఖం చూశాక నోరు రాలేదు. “ఔను” అన్నాను.

“మార్కెట్లో మామిడాకులు అయిపోయాయి. బంతిపూలే దొరికాయి. మధ్యలో పచ్చగా లేకపోతే దండలా ఉండదని... గన్నేరు పప్పు విషమని నాకూ తెలుసండీ. కానీ అది పచ్చగన్నేరు కదా! ఇది రోజూ మనం దేవుడికి పెట్టే పువ్వు. దీంట్లో విషం ఉంటుందని ఎలా అనుకుంటాను?”

అని చమేలి దగ్గరికి వెళ్ళబోయి, మధ్యలోనే ఆగిపోయింది. ఆగి ఏడ్చింది. రాజలింగం చమేలి తల వదలకుండానే అన్నాడు, “నువ్వు ఏడ్వకమ్మా. నువ్వు ప్రేమతోని ఏస్తివి, గది విషమని నీకేం తెలుసు, నాకేం తెలుసు? గూటానికి తగిలిచ్చింది నేనే గద.”

మధ్యాహ్నం అలా గడిచింది. సాయంత్రానికి నాడి తాళంలో పడటం మొదలైంది. మింగేసే దెబ్బలు తగ్గాయి, చెవులు వెచ్చబడ్డాయి. చమేలి నెమ్మదిగా మెడ తిప్పి, పక్కనే నిలబడ్డ సుభద్ర కొంగులోకి మూతి దూర్చి వెతికింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సుభద్ర మాత్రం కొంగు లాక్కుని వెనక్కి జరిగింది.

నేను సంచీ సర్దుకుంటుంటే రాజలింగం దగ్గరికొచ్చాడు. “నాతో అబద్ధం ఎందుకాడావయ్యా? అదే నిజం అనుకుంటే గుడి వెతుక్కుంటూ తిరిగేవాణ్ణి” అన్నాను.

“ఏం తిన్నదో మీకు దొరికింది గద సార్, ఇగ ఇచ్చినోళ్ళ పేరు ఎందుకు? గుర్రాన్ని మీరు బతికిస్తరని నాకు ధైర్యమే. అమ్మకు తెలిస్తె ఇగ దీన్ని ముట్టదని ఫికరైంది. నేను గాక చమేలికి ఉన్నదెవరు సార్, అమ్మ తప్ప?”

అతను భయపడ్డట్టే అయింది. బడి తెరిచాక సుభద్ర మళ్ళీ టాంగా ఎక్కింది గానీ, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కొంగున బెల్లం కట్టడం మానేసింది. టాంగానా జట్కానా అన్న తగువు కూడా మానేసింది. నేను ఎన్నిసార్లు చెప్పినా “నా చేత్తో పెట్టింది చాలండీ” అనేది. చమేలి మాత్రం చాదర్‌ఘాట్‌లో ఆగిన ప్రతిసారీ ఆవిడ వైపు మెడ తిప్పి చూసేదని రాజలింగం నాకు చెబుతుండేవాడు.

ఈ కేసు తర్వాత నా పని తీరు కొంత మారింది. అంతకుముందు గుర్రం జబ్బుపడిందంటే “ఏం మేసింది?” అని అడిగేవాణ్ణి. గడ్డి పరక పరకా చూసేవాణ్ణి. ఆ తర్వాత “దీన్ని ముద్దు చేసేవాళ్ళెవరు?” అని కూడా అడగడం నేర్చుకున్నాను. పూజ దండ, పిల్లలు తినిపించిన కంచె ఆకు, ఎవరో ముద్దుగా పెట్టిన పండు తొక్క, ఇవేవీ మోపులో కనపడవు. అడిగే గొంతులో కోపం ఉంటే మనుషులు దాచేస్తారు. ప్రేమతో చేసిన పనిని నేరంలా అడిగితే ఎవరు చెబుతారు? అందుకని ఆ ప్రశ్న నవ్వుతూ అడగడం కూడా నేర్చుకున్నాను. నా ముఖానికి అది సులువుగా అబ్బలేదు.

మరుసటి ఏడు దసరా పొద్దున మా గేటు ముందు టాంగా ఆగింది. బండిని కడిగి బొట్లు పెట్టారు, చక్రాలకి పసుపు రాశారు. చమేలి మెడ మాత్రం బోసిగా ఉంది.

“దండ ఏదమ్మా?” అన్నాడు రాజలింగం.

“నేను కట్టను రాజలింగం. బజారులో కొనుక్కో.”

“కొన్న దండ ఏస్తె చమేలి ఊకుంటదా? మీరు కట్టేదాంక ఈడనే ఉంట. సవారీలు పోతె పోనియ్యున్రి.”

చాలాసేపు గేటు అటూ ఇటూ ఇద్దరూ పంతం పట్టి నిలబడ్డారు. చివరికి సుభద్ర లోపలికి వెళ్ళి బంతిపూల బుట్ట, నార చుట్టా తెచ్చింది. పూలన్నీ ముందుగా నా ఎదుట గోనెపట్టా మీద గుమ్మరించింది. నేను గడ్డి డాక్టర్ హోదాలో పువ్వు పువ్వూ తిప్పి చూసి సరేనన్నాక కట్టింది. పూజ అవుతూనే రాజలింగం దండ తీసి, చమేలికి అందనంత ఎత్తున మా గేటుకి కట్టేశాడు. అది మెడ చాచి అందుకోబోయింది.

“నీకు బుద్ధి రాదే?” అని సుభద్ర దాని నుదుటి మీద చిన్నగా ఒక్కటి వేసింది. వేసి, కొంగు ముడి విప్పి బెల్లంముక్క తీసింది.