చంపకుండా లోపలికి దారి లేదు

మా రేచల్ అవ్వ ఒకచోట కుదురుగా కూర్చోగా అల్వాల్‌లో ఎవరూ చూడలేదు. ఆస్పత్రిలో ఆయాగా ఉద్యోగమంతా వార్డుల్లో నడిచీ నడిచీ, రిటైరయ్యాక వరండాలో నడవడం మొదలుపెట్టింది. అన్నం నిలబడే తినేది. చర్చిలో ప్రసంగం సాగితే లేచి కిటికీలు తెరిచేది, మళ్లీ తనే మూసేది. అలాంటి మనిషి బీఏ చదువుతానంది.

కారణం చర్చి నోటీసు బోర్డు. స్త్రీల సమాజం కార్యదర్శి మనోరమమ్మ ఏ నోటీసు రాసినా కింద తన పేరు పక్కన బి.ఏ. అని పెట్టేది. ఆదివారం ఎవరి చాపలు వాళ్లే తెచ్చుకోవాలన్న నోటీసుకు కూడా. చాపలకు బీఏ ఎందుకని అవ్వ ఇంటికొచ్చి గిన్నెలు చప్పుడు చేసింది. బడి సర్టిఫికెట్ లేనివాళ్లకు పెట్టే అర్హత పరీక్ష ఒకటుందని వాకబు చేసి, రాసి, నెగ్గింది. దూరవిద్యలో చేరి ఒక్కో పేపరూ గట్టెక్కించింది. అర్థశాస్త్రం ఒక్కటే రెండుసార్లు పోయింది. చదివింది రాక కాదు. కుర్చీలో కూర్చోలేక సగం రాసి కాగితం ఇచ్చేసి వచ్చేది. ఈసారీ పోతే గడువు తీరిపోతుంది, బీఏ మళ్లీ మొదటికి.

అది 2007. నేను పదో తరగతి దగ్గర చదువుతో తెగతెంపులు చేసుకుని, స్టేషన్ దారిలో ఒక నెట్ సెంటర్ కౌంటర్లో ఉండేదాన్ని. మా పెద్దమ్మ కూతురు అశ్రితక్క మేడ్చల్ వైపు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. తన ప్రాజెక్టు కోసం, నెట్‌లో ఆడుకుంటూ డిగ్రీ పాఠాలు నేర్చుకునే ఆట ఒకటి తయారు చేస్తోంది. ముందు ముందు కాలేజీలకు గోడలే ఉండవని, ఎవరింట్లో వాళ్లు ఆడుకుంటూ పట్టాలు తెచ్చుకుంటారని చెప్పేది. నేను నమ్మాను. క్లాసులో కునికే పిల్లలు మా సెంటర్లో తుపాకుల ఆట ముందు రెప్ప కూడా వేయరు మరి.

అక్క ఆట అష్టాచెమ్మా పటంలా ఉంటుంది. జవాబు సరైతే కాయ ముందుకు, తప్పైతే మొదటి గడికి. అవ్వను బతిమాలి కూర్చోబెట్టాం. బయటి గడులన్నీ చుట్టేసి, లోపలి గడుల్లోకి తిరిగే మలుపులో మౌస్ వదిలేసి లేచింది.

"ఎవలనన్న సంపకుండ లోపలికెట్ల పోత?"

నిజమే. ఎదుటివాళ్ల కాయ ఒక్కటైనా చంపనిదే అష్టాచెమ్మాలో లోపలికి దారి లేదు. ఆడేది ఒక్కరే కదా అని అక్క ఆ నియమం తీసేసింది.

"గీ డబ్బతోని ఏం కొట్లాడుత బిడ్డా? నాకు మనిషి గావాలె," అంది అవ్వ.

అక్క మూతి ముడుచుకుని వెళ్లి, ఇద్దరు రెండు కంప్యూటర్ల మీద ఆడేలా మార్చి తెచ్చింది. ఇద్దరికీ ఒకే ప్రశ్న. తప్పు చెప్పినవాళ్ల కాయ చస్తుంది. చావడానికి నేను దొరికాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చెరో క్యాబిన్లో చేరి, మధ్య చెక్క మీదుగా తిట్టుకుంటూ ఆడేవాళ్లం. క్షీణోపాంత ప్రయోజన సూత్రం అనే మాట నోరు తిరగకముందే చాలాసార్లు చచ్చాను. మొదటి మిర్చి బజ్జీ అమృతం, నాలుగోది వద్దనిపిస్తుంది, అంతేనని అవ్వ విడమర్చింది. నాలుగోది కూడా నాకు మొదటిదంత రుచిగానే ఉంటుందన్నాను.

"గందుకే గిట్లున్నవ్," అని నా కాయను చంపింది.

రాన్రాను నేనూ చంపడం నేర్చుకున్నాను. తన కాయ చచ్చినప్పుడల్లా అవ్వ కసి కొద్దీ ఇంకో ఆట అనేది. పరీక్ష దగ్గరపడేసరికి నన్నూ గెలవనివ్వదు, తనూ ఇంటికి పోదు.

పరీక్ష రోజు మేడ్చల్‌లో పరీక్షా కేంద్రం గేటు బయట టిఫిన్ డబ్బాతో నిలబడ్డాను, ఇప్పుడొస్తుంది అప్పుడొస్తుందని. అవ్వ రాలేదు. అందరూ వెళ్లాక ఆఖరున చేతులు విదిలించుకుంటూ వచ్చింది. ఏం రాశావని అడిగాను.

"నిన్ను మనసుల వెట్టుకొని కొట్లాడిన."

ఆ కొట్లాట కాగితం మీద కూడా పడిందట. 'నాలుగవ మిర్చి కూడా మొదటి దానంత రుచియని కొందరందురు. వారి కాయ చచ్చినది' అని రాసిందట. ఇంకేం, ఫెయిలే అన్నాను. ఆ మాట అనకపోయినా బాగుండేది. ఫలితాలొచ్చేదాకా వరండాలో తను నడుస్తుంటే నాకు కళ్లు తిరిగేవి.

అవి వచ్చిన రోజు మా సెంటర్లో ఫలితాల పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది. అవ్వ గుమ్మంలోంచి రోడ్డుకి, రోడ్డు నుంచి గుమ్మానికి. మూడోసారి నొక్కితే పేరు వచ్చింది, పక్కన పాస్ అని వచ్చింది. చెప్పాను. అవ్వ నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మనోరమమ్మ పేరెత్తుతుందనుకున్నాను. ఎత్తలేదు.

"నన్ను నువ్వు మస్తుసార్ల సంపినవ్ గదనే. లోపలికి నీకు దారున్నట్టే. గా అర్హత పరీక్షకు ఎప్పుడు కడుతున్నవ్?"

అవతల గిరాకీ నిలబడి ఉందని, ముందు స్టూలు ఖాళీ చేయమని అన్నాను.

లేవలేదు.