పది గజాల తాడు

నా చిన్నప్పుడు మా నాన్న ఒక తప్పుడు తీర్పు ఇచ్చారు. అదీ ఆట ఆఖరి రెండు నిమిషాల్లో, కప్పు ఎవరిదో తేలే చోట, కంపెనీ క్యాంపు మొత్తం చూస్తుండగా. నాకు అరవై దగ్గర పడుతున్నాయి. ఆ సంగతి ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ నేనే చెప్పుకుంటాను, ఆయనకేదో పతకం వచ్చినట్టు.

మొన్న శుక్రవారం దోహాలో, అల్ మన్సూరా పేటలోని మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో కూర్చుని ఉన్నాను. మా మనవరాలు టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ రెఫరీలు ఇచ్చిన ఘోరమైన తీర్పులన్నీ వరసపెట్టి చూస్తోంది. వాళ్ళ స్కూల్లో ఆ ఆటకి ఆడపిల్లల జట్టు ఉంది, ఇది అందులో ఆడుతుంది. ఒక చోట బంతి ఇంకా రాకముందే దాన్ని అందుకోబోయేవాణ్ణి పడగొట్టేశారు. స్టేడియం మొత్తానికి కనబడింది, రెఫరీకే కనబడలేదు. ఇంకో చోట ఇద్దరు ఆటగాళ్ళు ఒకే బంతి పట్టుకుని కిందపడితే, పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరు రెఫరీల్లో ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు. అన్ని కెమెరాలు పెట్టుకుని ఇదేం చోద్యమో నాకు అర్థం కాలేదు. ఒక్కోసారి ఆ తర్వాత తప్పు జరిగిందని పెద్దలు ఒప్పుకుంటారట, ఫలితం మాత్రం మారదట. మనవరాలు సోఫా దిండుని గుద్దుతూ, "వీళ్ళకి సిగ్గు లేదా అమ్మమ్మా?" అంది. "మీ ముత్తాత కూడా ఒకసారి ఇలాంటి తీర్పే ఇచ్చారే" అన్నాను. వెంటనే టీవీ ఆపేసి నా పక్కన చేరింది.

అప్పట్లో మేం దోహాకి దూరంగా, ఎడారిలోని దుఖాన్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడి చమురు కంపెనీలో సర్వేయర్. పైపు ఎక్కడ వెయ్యాలన్నా, గోడ ఎక్కడ లేవాలన్నా ముందు ఆయన వెళ్ళి కొలిచి గుర్తు పెట్టాలి. అందరూ ఆయన్ని కొలతల సార్ అనేవాళ్ళు. నాకు పదేళ్ళు వచ్చేదాకా నాన్నంటే రెండేళ్ళకోసారి కాకినాడకి పెద్ద సూట్‌కేసుతో వచ్చే మనిషి. ఎన్నో అర్జీలు పెట్టుకున్నాక కంపెనీ ఆయనకి ఫ్యామిలీ క్వార్టర్ ఇచ్చింది. అదీ చూద్దాంలే అన్నట్టు ఒక్క ఏడాదికే. పక్కా కావాలంటే పైఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాలి. ఆయన అమెరికా ఆయన, మంచివాడేగాని ఓడిపోవడమంటే అస్సలు పడదు. మేం వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. సంతకం పడకపోతే అమ్మా నేనూ మళ్ళీ కాకినాడ, నాన్న మళ్ళీ బ్యాచిలర్ల క్యాంపు. ఈ మాట మా ఇంట్లో రోజుకొకసారైనా వచ్చేది.

చలికాలం రాగానే కంపెనీలోని అమెరికా వాళ్ళు ఇసక నేలని రోలర్‌తో తొక్కించి వాళ్ళ ఫుట్‌బాల్ ఆడేవారు. డ్రిల్లింగ్ వాళ్ళది పసుపు జట్టు, ఆఫీసు వాళ్ళది నీలం జట్టు. నీలం జట్టు కెప్టెన్ ఎవరో కాదు, మా పైఆఫీసరే. రెండు జట్లకీ చెందనివాడు, కొలతలు తెలిసినవాడు కావాలని నాన్నని రెఫరీగా ఉండమన్నారు. ఆ ఆట గురించి మాకు తెలిసింది సున్నా. బంతి చేత్తో పట్టుకుని పరిగెడుతూ దాన్ని ఫుట్‌బాల్ అంటారేమిటండీ అని మా అమ్మ ముక్కున వేలేసుకుంది. నాన్న రూల్స్ పుస్తకం తెచ్చుకుని పదిహేను రోజులు పరీక్షకి చదివినట్టు చదివి, నాకు కూడా నేర్పారు. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఆ నాలుగింట్లో కనీసం పది గజాలు ముందుకి వెళ్ళాలి. వెళితే ఇంకో నాలుగు అవకాశాలు, వెళ్ళలేకపోతే బంతి అవతలి వాళ్ళకి. వెళ్ళారో లేదో కంటితో తేలనప్పుడు రెండు కర్రల మధ్య కట్టిన తాడు తెచ్చి కొలుస్తారు.

ఆ తాడు తయారుచేసింది నాన్నే. ఆఫీసులో టేపు పరిచి, నైలాన్ తాడు కోసి, రెండు చివర్లా ముళ్ళు వేసి, ఎరుపు తెలుపు చారల సర్వే కర్రలకి తగిలించారు. ఒక కర్ర పట్టుకునే పని ఆఫీసు జీపు నడిపే డ్రైవర్ చాచాది. ఆయనది నిజామాబాద్. పెళ్ళాం పిల్లలు అక్కడే ఉండటం వల్ల, సాయంత్రం టీ మాత్రం మా వరండాలోనే తాగేవాడు.

ఆఖరి ఆట శుక్రవారం జరిగింది. నాన్న తెల్ల చొక్కా వేసుకుని, మెడలో విజిల్‌తో, అంత పొడుగు అమెరికా వాళ్ళ మధ్య అటూ ఇటూ పరిగెడుతుంటే నాకు నేల మీద కాలు నిలవలేదు. నీలం వాళ్ళు నాలుగు పాయింట్లు ముందున్నారు. రెండు నిమిషాలే ఉందనగా పసుపు వాళ్ళు, దాటితే పాయింట్లు వచ్చే చివరి గీత దగ్గరదాకా వచ్చేశారు. అది వాళ్ళ నాలుగో అవకాశం. మనిషి మీద మనిషి పడ్డారు, దుమ్ము లేచింది, నాన్న విజిల్ వేసి తాడు తెమ్మన్నారు. డ్రైవర్ చాచా తాడు బిగలాగి పట్టుకున్నాడు. బంతి అవతలి కర్రకి మూరెడు వెనక ఉంది. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని చూసి, లేచి, నీలం వైపు చెయ్యి చూపించారు. ఇక ఆట అయిపోయినట్టే. కప్పు వచ్చే శుక్రవారం క్లబ్ భోజనాల దగ్గర ఇస్తామన్నారు.

మర్నాడు స్కూల్లో పసుపు జట్టు కెప్టెన్ కూతురు నా దారికి అడ్డం నిలబడింది. నా క్లాసే. మీ నాన్న బాసుకి భయపడి కొలిచాడు, క్వార్టర్ కోసం కొలిచాడు అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంగ్లీషులో తిట్టేంత ఇంగ్లీషు నాకు లేదు, అందుకని జుట్టు పట్టుకున్నాను. అదీ నా జుట్టు పట్టుకుంది. టీచరు ఇద్దర్నీ గోడవైపు తిప్పి నిలబెట్టింది. గోడకేసి నిలబడే నేనొక నిర్ణయానికి వచ్చాను. ఆ తాడు స్కూలుకి పట్టుకొచ్చి, అందరి ముందూ కొలిచి, ఆ పిల్ల చేత క్షమాపణ చెప్పించాలి.

కర్రలు జీపులో ఉన్నాయిగాని తాడు చుట్ట మా వరండాలో మేకుకి వేలాడుతోంది. ముందు ఇంట్లో ఒకసారి కొలిచి చూసుకుందామని అమ్మ కుట్టు టేపు తీసుకున్నాను. ఆ టేపు అరవై అంగుళాలు, అంటే ఐదు అడుగులు. ఆరు టేపులైతే ముప్పై అడుగులు, సరిగ్గా పది గజాలు. హాల్లో తాడు పరిచి ఒక ముడి దగ్గర మొదలుపెట్టాను. ఆరో టేపు కూడా అయిపోయింది, రెండో ముడి ఇంకా రాలేదు. మిగిలింది కొలిస్తే ముప్పైమూడు అంగుళాల చిల్లర. మళ్ళీ కొలిచాను. మూడోసారి కొలిచాను. ఎన్నిసార్లు కొలిచినా ముడి అక్కడే ఉంది.

బంతి మూరెడే కదా తక్కువైంది. సరైన తాడుతో కొలిచి ఉంటే పసుపు వాళ్ళు పది గజాలు దాటినట్టే. ఆ లెక్క పదేళ్ళ పిల్లకి కూడా తెలుస్తుంది. నేను ఆలోచించింది ఆట గురించి కాదు. ఇది బయటపడితే నాన్న కొలతల సార్ కాకుండా పోతారు, పైఆఫీసరు కప్పు పోతుంది, ఆయన సంతకం పెట్టరు, మేం కాకినాడ వెళ్ళిపోతాం. తాడు చుట్టేసి బియ్యం డ్రమ్ములో అడుగుదాకా దూర్చేశాను. నాన్న అడిగితే తెలియదన్నాను.

బియ్యం డ్రమ్ములో దాచడమంటే ఎంత తెలివితక్కువో నాలుగు రోజుల్లో తెలిసింది. బుధవారం సాయంత్రం అమ్మ బియ్యానికి చెయ్యి పెడితే తాడు వచ్చింది. నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చారు, డ్రైవర్ చాచా వరండాలో టీ తాగుతున్నాడు. నేను ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. దెబ్బ పడుతుందని తల వంచుకుని నిలబడ్డాను.

నాన్న అడిగింది ఒక్కటే. "ఎన్నిసార్లు కొలిచావు?"

"మూడుసార్లు."

"మూడుసార్లూ ఒకటే వచ్చిందా?"

అవునన్నాను. ఆయన అమ్మ టేపు తీసుకుని, హాల్లో మోకాళ్ళ మీద కూర్చుని, తనూ కొలిచారు. కొలిచాక తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకి తెలిసిపోయింది. ఆఫీసులో రోజూ కొలిచేది మీటర్లలో. పది అన్న అంకె బుర్రలో ఉంది, చెయ్యి అలవాటుకొద్దీ టేపుకి మీటర్ల వైపు పోయింది. ఊళ్ళో ఇంటి స్థలం దగ్గర్నుంచి అన్నీ గజాల్లోనే మాట్లాడే మనిషి, గజాల ఆటకి మీటర్ల తాడు కట్టారు.

డ్రైవర్ చాచా లోపలికొచ్చి సంగతి విన్నాడు. "సార్, ఆటంత అదే తాడు గదా. ఆళ్ళకైనా ఈళ్ళకైనా ఒకటే కొలత. మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు. ఎవ్వరికి తెల్వది, ఊకోండ్రి" అన్నాడు.

అమ్మ కూడా, "సంతకం పడేదాకా అయినా ఆగండి" అంది.

"తాడు అందరికీ ఒకటేగాని, దెబ్బ తగిలింది ఒక్కళ్ళకే" అన్నారు నాన్న. "నిన్నటిదాకా అది పొరపాటు. ఇప్పుడు తెలిసింది కదా." ఆ మాట గట్టిగా కూడా అనలేదు, తాడు చుట్టుకుంటూ అన్నారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు.

శుక్రవారం క్లబ్ ముందు పచ్చికలో బల్లలు వేశారు. మధ్య బల్ల మీద కప్పు. నాన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది, అది నాకు బాగా గుర్తు. భోజనాలు మొదలవ్వకముందే ఆయన రెండు జట్ల మధ్యకి వెళ్ళి తాడు నేలమీద పరిచారు. ఆఫీసు టేపు తీసి, పసుపు కెప్టెన్‌ని ఒక చివర, పైఆఫీసర్ని ఒక చివర పట్టుకోమన్నారు. ఇది పది గజాలు కాదు, పది మీటర్లు, కట్టింది నేను, పోయిన శుక్రవారం పసుపు జట్టు నిజానికి పది గజాలు దాటింది, నా తీర్పు తప్పు, మీరందరూ నన్ను క్షమించాలి అన్నారు. ఆయన ఇంగ్లీషు కాకినాడ ఇంగ్లీషే, అయినా ఒక్క మాట తడబడలేదు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, ఈ తప్పు పట్టుకున్నది మా అమ్మాయి, వాళ్ళమ్మ కుట్టు టేపుతో, మూడుసార్లు కొలిచి పట్టుకుంది అన్నారు.

దాచిన సంగతి మాత్రం చెప్పలేదు. అందరూ నాకేసి చూస్తుంటే నేను నాన్న మొహంకేసి చూశాను. ఆయన తప్పు ఒప్పుకుంటున్నట్టు లేరు, కూతురికి ఫస్టు ర్యాంకు వచ్చిందని చెబుతున్నట్టు ఉన్నారు.

పైఆఫీసరు మొహం ఎర్రబడింది. ఆట అయిపోయింది, ఫలితం మారదు అని కప్పు తీసుకుని వాళ్ళ బల్ల మీద పెట్టుకున్నారు. ఫలితం మీ ఇష్టం సార్, కొలత మాత్రం తప్పు అన్నారు నాన్న. పసుపు కెప్టెన్ వచ్చి నాన్న చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆయన కూతురు నా పక్కన కూర్చుని తన కేకులో సగం నా ప్లేట్లో పెట్టింది. క్షమాపణ అదీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. వచ్చేముందు నాన్న చాకు అడిగి తీసుకుని, ముప్పై అడుగుల దగ్గర తాడు కోసి, మిగిలిన ముక్క నా చేతికిచ్చారు.

ఆ తర్వాత పదిహేను రోజులు పైఆఫీసరు నాన్నతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ అటక మీది సూట్‌కేసులు దించి తుడిచి పెట్టింది. ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పదిహేను రోజులూ నాకు నాన్న మీద కోపంగానే ఉంది. ఎవరో అమెరికా వాళ్ళ కప్పు కోసం మమ్మల్ని వదులుకుంటారా అని లోపల్లోపల కుమిలిపోయాను. ఆయన మాత్రం రోజూ మామూలుగా స్నానం చేసి, మామూలుగా తలదువ్వుకుని డ్యూటీకి వెళ్ళేవారు.

ఒకరోజు డ్రైవర్ చాచా గేటు దగ్గర్నుంచే కవరు ఊపుతూ వచ్చాడు. "భాభీ! దస్కత్ అయింది! సూట్‌కేసులు మీద వెట్టుండ్రి!" అని కేకలేశాడు. క్వార్టర్ కాగితం మీద పైఆఫీసరు సంతకం ఉంది. దానికి గుచ్చిన చిన్న చీటీలో, వచ్చే చలికాలానికి కూడా రెఫరీ మీరే, ఈసారి తాడు గజాల్లో కట్టండి అని రాసి ఉంది. నాన్న అది చదివి చాలాసేపు నవ్వారు. అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు.

సంతకం పడకపోయి ఉంటే ఈ కథ ఇంత గర్వంగా చెప్పేదాన్నా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. చిన్నప్పుడైతే చెప్పేదాన్ని కాదేమో. పెద్దయ్యాక నేను దోహాలో పిల్లలకి ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. మొదటి ఏడాదిలోనే ఒక పిల్ల పేపర్లో మార్కులు తప్పుగా కలిపాను. ఎవరూ గమనించలేదు. మర్నాడు క్లాసులో నిలబడి, తప్పు నాది అని చెప్పేటప్పుడు నా అరచేతులు తడిసిపోయాయి. అప్పుడుగాని ఆ శుక్రవారం నాన్న చెయ్యి ఎందుకు అలా తడిసి ఉందో నాకు తెలియలేదు. భయం లేక కాదు ఆయన వెళ్ళింది. ఆ తర్వాత అలా ఎన్నిసార్లు నిలబడ్డానో లెక్కలేదు, ప్రతిసారీ చేతులు తడుస్తూనే ఉన్నాయి.

కథ అయ్యాక మనవరాలు ఆ ముక్క ఏదని అడిగింది. నా హ్యాండ్‌బ్యాగు లోపలి అరలోంచి తీసి ఇచ్చాను. తెల్ల నైలాన్ పసుపురంగుకి తిరిగింది, ఒక చివర నాన్న వేసిన ముడి ఇంకా ఊడలేదు. మనవరాలు స్కేలు తెచ్చి కొలిచింది, ముప్పైమూడు అంగుళాల చిల్లర అంది. ఇంకో రెండుసార్లు కొలవమన్నాను. మా నాన్న ఎలాంటివారని ఎవరైనా అడిగితే నేను ఫొటో కంటే ముందు ఆ తాడుముక్కే తీసి చూపిస్తాను.