గిరికి ఇంకో ఓళిగ

నిన్న పొద్దున మారికుప్పంలో రైలెక్కి, ఎప్పటిలాగే పక్క సీటు మీద కర్చీఫ్ వేశాను.

ఉరిగాంలో ప్రభాకరన్న ఎక్కలేదు.

"ఆయప్ప రాలేదు గదా, గుడ్డ తియ్యప్పా" అన్నాడు నిలబడ్డ ఒకాయన. వెనక బోగీలో ఎక్కి ఉంటాడు, వస్తాడు అని ఆయనతో పోట్లాడాను. సిగ్గులేకుండా బంగారుపేట దాకా పోట్లాడాను.

అప్పుడు మన బోగీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నిద్రలోనే పోయినాడంట. హార్ట్ అంట.

కర్చీఫ్ తీసి జేబులో పెట్టుకున్నాను. ఆ నిలబడ్డాయన కూర్చున్నాడు. నేను మాలూరులో దిగి, ఎదురు బండి పట్టుకుని వెనక్కి వచ్చేశాను.

ఈ పోస్టు మన బోగీ వాళ్ళకు మాత్రమే. బయటికి ఫార్వర్డ్ చేయొద్దు. ఎందుకో కింద మీకే తెలుస్తుంది.

ప్రభాకరన్న బ్లాగు మనందరికీ తెలుసు. అంటే, లింకు తెలుసు.

ప్రతి సోమవారం గ్రూపులో పెట్టేవాడు. బ్యాంకు వడ్డీలు, టీవీ చానెళ్ళ అరుపులు, బెంగళూరు హోటళ్ళు, ట్రాఫిక్కు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ సిటీ గురించి రాశాడు. ఒక్క రాత్రి కూడా అక్కడ పడుకున్న మనిషి కాదు.

మనమేం చేసేవాళ్ళం? బొటనవేలు. "సూపర్ అన్నా."

నేను తెరిచేవాణ్ణి కూడా కాదు. అబద్ధమెందుకు, మీరూ అంతే.

ఒకసారి రైల్లోనే నా చేత బ్యాంకు ఫారం నింపించాడు. "నామినీ గడి ఖాళీగా పెట్టినోడు మూర్ఖుడు గిరీ. రాయి, నీ పెండ్లాం పేరు రాయి" అని నా నెత్తిన కూర్చున్నాడు. రాశాను. ఊరికే అడిగాను, "నీ నామినీ ఎవరన్నా?" అని.

ఆయన కిటికీలోంచి చూశాడు. "బంగారుపేట వచ్చె చూడు" అన్నాడు.

బంగారుపేట రావడానికి ఇంకా చాలా సేపుంది.

శనివారం మాకు హాఫ్ డే. ప్రతి శనివారం అడిగేవాడు. "బసవనగుడిలో ఒక హోటలుండాదంట, వస్తావా గిరీ?"

"వచ్చే వారం అన్నా." ఆరేళ్ళు అదే మాట చెప్పాను.

"ఇంగ నీ వచ్చే వారం వచ్చేలోపల ఆ హోటలే మూసేస్తారప్పా" అని నవ్వేవాడు. నేను ఇల్లు చేరే తొందరలో ఉండేవాణ్ణి.

నిన్న వాళ్ళింటికి పోయాను. గోడకు గోడ ఆనించి కట్టిన ఆ లైన్ ఇంట్లో ఒక కుర్చీ, ఒక టీవీ, అన్నం తినే తట్ట ఒకటి. గౌనిపల్లి నుంచి వాళ్ళక్క రత్నమ్మ వచ్చి ఉంది. నా పేరు చెప్పగానే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా అప్పా గిరి? మా మనవరాలు ఫోన్లో చదివి చెప్తాది. ప్రతి శనివారం నువ్వు తోడుంటావని రాస్తా ఉండె. ఒంటిగాడు, యాడ తింటాడో ఏమి తింటాడో అని నాకు ఒకటే దిగులు. నీ పేరు విన్నాక నిమ్మళంగా ఉంటిని."

నాకేమీ అర్థం కాలేదు. తలూపాను.

ఈ రోజు లీవు దొరకలేదు. పక్క సీటు మీద కర్చీఫ్ వేయకుండా కూర్చుని, మొట్టమొదటిసారి ఆయన బ్లాగు తెరిచాను.

ఈ ఆరేళ్ళలో ఆయన పోయిన ప్రతి హోటల్లోనూ నేనున్నాను.

"గిరికి కాఫీ చల్లారితే కోపం." "టీవీ డిబేట్లు మ్యూట్‌లో పెట్టి చూడమని గిరికి చెప్పాను, నవ్వి నవ్వి వాడికి కాఫీ పొరబోయింది." "బిల్లు దగ్గర నేనూ గిరీ కొట్లాడుకున్నాం." "గిరి ఇంకో ఓళిగ అడిగాడు. ఈ మనిషికి తీపి పిచ్చి."

ఒక్క పూట కూడా నేను పోలేదురా.

పైగా నాకు తీపి పడదు, మీకు తెలుసు. ఎవరి పుట్టినరోజైనా నా కేకు ముక్క పోయేది ప్రభాకరన్నకే. షుగరుండి కూడా, "అక్కకు తెలిస్తే చంపుతాది" అంటూ గబగబా తినేవాడు.

అక్క బ్లాగు చదివించుకుంటుందని ఆయనకు తెలుసు. అందుకే ఆయన తిన్న ఓళిగలన్నీ నా పేరు మీద రాసేశాడు, దొంగ!

అంతమంది ముందు రైల్లో ఏడ్చాను.

వైట్‌ఫీల్డ్ దగ్గర అక్క ఫోన్ చేసింది. మన పక్క మూడో దినం ఎడ పెడతారు కదా, పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి. అది రేపే.

"వాడి ఎదురుగా కూచోని తిన్నోడివి నువ్వేనప్పా. వాడికేమిష్టమో నువ్వే చెప్పాల."

నిజం నోటిదాకా వచ్చింది. అక్కా, ఆ టేబుల్ దగ్గర ఎవరూ లేరు, నీ తమ్ముడు ఒక్కడే తిన్నాడు అని.



"ఓళిగ పెట్టక్కా. నెయ్యి బాగా వెయ్యి" అన్నాను.

"వాడు తీపి ముట్టడు గదప్పా! ఓళిగ పిచ్చి నీకు గదా?"

"అవునక్కా, నాకే. రెండు పెట్టు. నేనొచ్చి తింటా."

తింటాను. ఎంత తీపైనా తింటాను. ఇంక జన్మలో అక్క దగ్గర ఓళిగ అంటే పడిచచ్చే గిరినే నేను. మీరెవరూ నోరు జారొద్దు.

అన్నా, రేపు వస్తున్నా. వచ్చే వారం కాదు, రేపే.

నువ్వింక నిమ్మళంగా పడుకో.