దేవక్క ఎర్రదుమ్ము పరీక్ష

బళ్లారి దగ్గరి కూరెకుప్పలో బస్సులు నిలిచే చోటికి ఎదురుగా దేవక్క అంగడి ఉంది. బొరుగులు తాలించిన ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు అక్కడ దొరుకుతాయి. బొరుగుల గంపమీద ఆమె ఉదయం కప్పిన తెల్లగుడ్డ సాయంత్రానికి ఇటుకరంగుకు తిరుగుతుంది. అది ఇనుప ఖనిజం లారీలు సాగే దారి. ఏళ్లతరబడి ఆ గుడ్డలు ఉతికిన దేవక్కకు, ఇదే దుమ్ము చెట్టును ఏం చేస్తున్నదో అన్న సందేహం యాభై దాటిన తరువాత కలిగింది. కోడలు మేఘ ఫోనులో వెదికి, పర్యావరణ సంరక్షణను ఆన్‌లైన్‌లో తెలుగున బోధించే ఒక సంస్థలో ఆమెను చేర్పించింది.

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా దేవక్క ఏడవ తరగతి వరకే, అదీ కన్నడంలో చదివింది. అందువల్ల పాఠాన్ని తెలుగులో విని కన్నడ అక్షరాలతో రాసుకొనేది. బజ్జీలు వేగుతున్నంతసేపూ కిరణజన్య సంయోగక్రియ అన్న మాటను పెదవుల మధ్య వల్లించేది.

"ఏం జపమక్కా అది?" అని లారీ నడిపే కొట్రేశ్ ఒకనాడు అడిగాడు.

"ఆకు అన్నం వండుకునే జపమప్పా. నీ లారీ దుమ్ము పడితే దాని పొయ్యి రాజుకోదు."

"అట్లయితే ఆకుకు కూడా నాలుగు బజ్జీలు కట్టియ్యక్కా. దుడ్లు నేనిస్తా."

చివరి పరీక్ష విచిత్రమైనది. తన వీధిలోని ఆకులపై ఎంత దుమ్ము చేరుతున్నదో కనుగొని, ఉపాధ్యాయిని బిందుశ్రీకి వీడియో కాల్‌లో చూపి వివరించాలి. అందులో నెగ్గితేనే పట్టా. తప్పితే మళ్ళీ వచ్చే ఏడు. దేవక్క బ్రతుకులో పట్టా అన్నది ఇదే మొదటిది. భర్త హుసేనప్ప దానికోసం అంగడి గోడకు అప్పుడే మేకు కొట్టి ఉంచాడు.

వారి వీధిలో ఇంటింటి ముందూ మనిషిన్నర ఎత్తు కానుగచెట్టు ఉంది. వానలు లేక ఆకులన్నీ ఎర్రబారి ఉండగా చూసి దేవక్క మురిసిపోయింది. "శుక్రవారం మా టీచరమ్మ మన వీధిని ఫోన్లో చూస్తాది" అని అందరికీ చెప్పింది. చూసేది దుమ్మునని మాత్రం చెప్పడం మరచింది.

గురువారం మిరపకాయల కోసం బళ్లారి వెళ్లి, చీకటి పడేవేళకు తిరిగివచ్చిన దేవక్క వీధి మొదట్లోనే నిలిచిపోయింది. గుమ్మాల ముందు ముగ్గులు. కానుగాకులు నూనె రాసినట్లు నిగనిగలాడుతున్నాయి. హుసేనప్ప స్టూలెక్కి చివరి కొమ్మను తడిగుడ్డతో తుడుస్తున్నాడు.

"ఏమే, ఎట్లుండాది? పొద్దన్నుంచి వీధంతా కలిసి తుడిచినాం. ఆకుకు రెండుపక్కలా!"

దేవక్క ఒక ఆకును తిప్పి చూసింది. "అయ్యో! నేను చూపియ్యాల్సింది ఆ దుమ్మే గదయ్యా!"

"దుమ్మును ఎవురన్నా చూపిస్తారా?" అన్నది పక్కింటి రేణుక గుడ్డ పిండుతూ. "పెద్దోళ్లు చూస్తామంటే మర్యాద ఉండొద్దా?"

 హుసేనప్ప స్టూలు దిగి, "కొట్రేశప్పకు చెప్పి రేపు లారీ జోరుగా పోనీమందునా?" అని మెల్లగా అడిగాడు. ఏడవబోయిన దేవక్కకు నవ్వు వచ్చింది. అయినా మనసు తేలిక పడలేదు.

తెల్లవారింది. టీచరుకు ఏమని చెప్పడమా అని దేవక్క గడపమీద కూర్చుని ఉండగా, రేణుక వాకిట చల్లడానికి బకెట్టు ఎత్తింది. ఆ ఊళ్లో కొళాయి రోజూ రాదు. అందుచేత ఆకులు తుడిచిన గుడ్డలను జాడించిన నీటిని కూడా ఎవరూ పారబోయలేదు. బకెట్టు వంగేసరికి అడుగున ఎర్రని బురద కనిపించింది.

"పోయొద్దు రేణుకా! పోసినావంటే నా చదువు పోతాది!"

దేవక్క ఇంటింటికీ పరుగెత్తింది. చెట్టుకొక బకెట్టు. వాటన్నిటినీ చెట్ల వరుసలోనే అరుగుమీద పేర్చి, పైన తేరిన నీటిని వంచేసింది. దారికి దగ్గరగా ఉన్న చెట్టు బకెట్టులో బురద అన్నిటికంటె మందంగా ఉంది. వీధి లోపలికి పోయేకొద్దీ పలుచబడింది. బిందుశ్రీ ఫోనులో కనిపించగానే దేవక్క ఆ వరుసనే చూపి వివరించసాగింది.

"మాది బాగా చూపియ్యి అక్కా, మాదే ఎక్కువ!" అని రేణుక మధ్యలో దూరింది.

"ఏంది ఎక్కువ? మూలనుండే చెట్టుకు యాడ దుమ్ము?" అని దారిపక్కింటి దుర్గేశ్ తన బకెట్టును ముందుకు జరిపాడు.

బిందుశ్రీ పగలబడి నవ్వింది. "దేవక్క గారూ, మీవాళ్లు అన్ని చెట్లనూ ఒకేరోజు తుడిచి మేలే చేశారు. శుభ్రమైన ఆకుమీద ఎనిమిది రోజుల్లో ఎంత చేరుతుందో ఇప్పుడు కచ్చితంగా చెప్పవచ్చు. మళ్లీ శుక్రవారం అదికూడా చూపండి. మీ పరీక్ష పూర్తవుతుంది."

ఆ వారమంతా హుసేనప్ప చెట్లకు కాపలా కాశాడు. మేకను అదిలించాడు, మబ్బు పట్టినప్పుడు, "ఏమే, చెట్లకు గొడుగు పట్టల్లా?" అని నిజంగానే అడిగాడు. ఆ మబ్బు కురవకుండానే పోయింది. శుక్రవారం వీధంతా మళ్లీ గుడ్డలు పట్టింది.

నెల తిరక్కముందే పట్టా వచ్చి మేకుకు వేలాడింది. కొద్దిరోజులకే దాని అద్దం ఎర్రబారగా హుసేనప్ప తడిగుడ్డ తీశాడు. బజ్జీల నూనె ముందునుంచి దేవక్క చెయ్యెత్తింది.

"ఉండప్పా! శుక్రవారం రానీ. ఎంత పడినాదో చూడల్ల."