సీతమ్మ మీద లైటు

మా తాత చేసిన సీతమ్మ బొమ్మ పట్నం మ్యూజియంలో ఉంది. పక్కన చిన్న అట్టముక్క మీద "తోలుబొమ్మ, మేకతోలు, రంగులు" అని రాశారు. అంతే. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, దీపం వెలుగు ఇవతలికి కనబడేంత పల్చన చేయడానికి తాత ఎంత చాకిరీ చేశాడో ఎవడికి కావాలి? సీతమ్మ నగలన్నీ ఉలితో కొట్టిన చిల్లులే. వెనక దీపం ఉంటేనే అవి మెరుస్తాయి.

చూసేవాళ్లు లేక నాన్న బొమ్మలాట మానేశాడు. నేను మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతున్నాను. మా ఇళ్లలో బొమ్మ పాతబడితే పారేయం. మనిషికి చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి, గుండ్లకమ్మ ఏట్లో వదిలి, తలస్నానం చేసి ఇంటికొస్తాం. సీతమ్మ చెయ్యి ఊడే సమయానికి మ్యూజియం వాళ్లొచ్చి, భద్రంగా ఉంచుతామన్నారు. ఉంచడమంటే పండగలకు తీసి ఆడిస్తారని నాన్న అనుకున్నాడు. ఆటగాడు కదా, అలాగే అనుకుంటాడు.

పోయిన ఎండాకాలం నాన్నకు జబ్బు చేసింది. "నేను పోయేలోపు దాన్ని ఏట్లో కలపాలమ్మా" అని ఒకటే పోరు. బస్సెక్కించి మ్యూజియానికి తీసుకుపోయాను.

బొమ్మను అట్టకు అతికించి, అద్దాల పెట్టెలో పెట్టి, ఎదురుగా లైటు వేశారు. నగలు ఒక్కటీ మెరవడం లేదు. రెండో వైపు వేసిన రంగులు ఇక ఎవరికీ కనబడవు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే. నాన్నకు కుర్చీ వేయించాడు. "ఇక్కడికొచ్చిన వస్తువు మళ్లీ బయటికి ఇవ్వడానికి లేదండి. మీ నాన్నగారి పేరు నిలబడిపోతుంది" అన్నాడు నాన్నతో.

"పేరెక్కడ రాశారండి?" అన్నాను.

"రాయిస్తామండి" అని ఫోను చూసుకున్నాడు.

నాన్న అద్దాల పెట్టె వైపు చెయ్యి చూపించాడు. "పోనీ, ఆ లైటన్నా తీసేయండి బాబూ. ఆట అయిపోయాక దీపం ఉంచకూడదు."

"సాయంత్రం తీసేస్తారండి."

"పొద్దున?"

"మళ్లీ వేస్తారు."

తిరుగు దారి పొడవునా నాన్న బస్సు కిటికీలోంచి పత్తి చేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు మంచం దిగడం లేదు. రోజూ కాస్త పొద్దెక్కగానే, "సీతమ్మకు లైటు వేసుంటారు" అంటాడు. నాన్న పోయే రోజు పొద్దున కూడా వాళ్లు ఆ లైటు వేస్తారు.